వెలిమెల గుట్ట మీద ఊటీ

దసరాకు ఇంకా పక్షం రోజులుందనగా ఒక ఉదయం కనకమహాలక్ష్మి కాఫీ గ్లాసు భర్త ముందు పెట్టి, "ఏవండీ, ఈసారి మన బొమ్మల కొలువులో ఊటీ పెట్టాలండీ," అంది.

త్రినాథరావు గ్లాసు సగం ఖాళీ అయ్యేదాకా నోరు మెదపలేదు. అనకాపల్లి నుంచి ఇంతదూరం వచ్చి, వెలిమెలలో సత్తయ్య ఇంటి ముందు భాగం కిరాయికి తీసుకుని కాపురం పెట్టి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో ఆయన బాగా నేర్చుకున్నది ఇలా ఊరుకోవడమొక్కటే.

"ఊటీ మనం చూళ్లేదు కదే," అన్నాడు చివరికి.

"ఎదురింటి నాగరత్నం నాగార్జునసాగర్ చూసిందేంటి? మొన్న సంక్రాంతి కొలువులో డ్యాము పెట్టి, గేట్లెత్తి నీళ్లు కూడా వదిలింది. పేరంటాళ్లంతా అక్కడే కూలబడిపోయారు. మన శనగలు మనమే నాలుగు రోజులు తిన్నాం. ఒక కొండ, దాని మీద చెరువు, గుండ్రంగా తిరిగే రైలు, నాలుగు బంగళాలు. అంతే కదా! మీకదో పనా?"

నిజానికి ఇంకొకరికైతే అదో పని కాదు. నాలుగు తట్టల మట్టి తెచ్చి మూల పోసి, మధ్యలో అద్దం ముక్క గుచ్చి, చుట్టూ ఆవాలు చల్లితే నాలుగో రోజుకు ఊటీ మొలుస్తుంది. కాని త్రినాథరావు పటాన్‌చెరు దారిలో కొత్తగా వెలసిన సర్కారు కర్మాగారంలో డ్రాఫ్ట్స్‌మన్. అంటే ప్లాన్లు గీసే ఉద్యోగం. ముందు ప్లాను గీయకుండా ఆయన గోడకు మేకు కూడా కొట్టలేడు. మేకు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తున ఉండాలి, గోడలోకి ఎంత దిగాలి, అన్నీ కాగితం మీద పడ్డాకే సుత్తి అందుకుంటాడు. ఆ ఇంట్లో దేవుడి పటానికి కూడా ప్లాను ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఆయన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది ప్రొబేషను వచ్చే నెలాఖరుతో ముగుస్తుంది. ఖాయమైనట్టు కాగితం వస్తే ఫ్యాక్టరీ క్వార్టరుకు అర్హత, జీవితానికి నిశ్చింత. రాకపోతే పెట్టె సర్దుకుని మామగారి పంచన చేరాలి. ఆ పెద్దమనిషి అల్లుడి మీద ఎంతో నమ్మకంతో, అనకాపల్లిలో తన బెల్లం కొట్టులో గుమాస్తా కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచాడు. త్రినాథరావుకు బెల్లం వాసనే పడదు. పైగా రెండు నెలల కిందటే కామరాజు అనే ఇంకో ప్రొబేషను మనిషి, మరదలి జాతకచక్రాన్ని ఫ్యాక్టరీ ట్రేసింగు కాగితం మీద గీసి, ఫ్యాక్టరీ మిషను మీద నాలుగు ప్రతులు తీశాడని ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. జాతకాలు కుదిరాయట, అది వేరే విషయం.

ఇంత తెలిసీ త్రినాథరావు ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్యాక్టరీ ట్రేసింగు కాగితమే పరిచాడు. ఆ కాగితం మీద పెన్సిలు జారే సుఖం ఇంట్లో లెక్కల పుస్తకం మీద ఎక్కడొస్తుంది! కొండ గీయాలంటే కొండ కొలతలు కావాలి. ఊటీవి దొరకలేదు గాని వెలిమెల గుట్టవి దొరికాయి. ఎప్పుడో నీళ్ల ట్యాంకు కడదామని సర్వే చేసి మానేసిన షీటు బీరువాలో ఉంది. కొండ ఏదైతేనేం, ఎత్తుపల్లాలు నిజమైనవి కావాలనుకుని ఆ గుట్టనే దింపాడు. దాని మీద రైలు పట్టాలు గుండ్రంగా చుట్టాడు. నాలుగు బంగళాలు పెట్టాడు. ఎక్కడ ఏం పెట్టాలో భార్యకు తెలియాలి కదా అని తెలుగులో పేర్లు రాశాడు. చెరువు దగ్గర "అద్దం". దాని పక్కన "శెట్టి దుకాణం". మెట్ల కింద "ఏనుగులు – 2".

కాగితానికి కుడివైపు అడుగున ఒక పట్టిక ఉంటుంది. పనిపేరు, స్థలం, కొలత, నంబరు, గీసినవారు, ఆమోదించినవారు. ఖాళీ గడి కనిపిస్తే త్రినాథరావుకు పళ్లు జివ్వుమంటాయి. కాబట్టి చక్కని ఇంగ్లీషు అక్షరాలతో "ప్రతిపాదిత పర్వత విహార కేంద్రం" అని, "వెలిమెల గుట్ట" అని, అంగుళానికి వంద అడుగులని రాసి, వరసలో రావలసిన నంబరు కూడా వేశాడు. గీసినవారు అన్న చోట మాత్రం కామరాజు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

అంతలో భోజనాల గంట మళ్లీ మోగింది. ఊటీని పంపుహౌసు డ్రాయింగుల కట్టలోకి తోసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద కట్ట లేదు. ప్రింటు గదిలో పనిచేసే నర్సింహ దాన్ని ఎత్తుకెళ్లి, సెక్షను పెద్ద వెంకటేశ్వరరావు ముందు పెట్టాడు. వెంకటేశ్వరరావు సంతకానికి కళ్లతో పని లేదు. ఫోనులో మాట్లాడుతూ పద్దెనిమిది షీట్ల మీద పద్దెనిమిది సంతకాలు పెట్టేశాడు. సంతకమైన షీటు నేరుగా ప్రింటు గదికి పోతుంది. అక్కడ ఆరు ప్రతులు తీసి, ఆరు డిపార్ట్‌మెంట్లకు పంచాలి. అది ఆ ఫ్యాక్టరీ పద్ధతి.

త్రినాథరావు పరుగెత్తుకుని ప్రింటు గదికి పోయేసరికి ప్రతులు తీసే మిషను వదిలిన అమోనియా వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

"నర్సింహా! ఆ పంపుహౌసు కట్ట..."

"అన్ని పంపిచ్చిన సారూ," అన్నాడు నర్సింహ సంబరంగా. "రోజూ లేట్ చేస్తున్నవని తిడ్తరు గద. ఇయ్యాల జల్దీ చేసిన."

త్రినాథరావు గుమ్మంలోనే నిలబడి లెక్క వేశాడు. వెళ్లి ఒప్పుకుంటే కామరాజు వెంట పోవాలి. నోరు మూసుకుంటే? ఎవరో ఒకరు చూసి, నవ్వి, చింపి పారేస్తారు. మూసుకోవడమే మంచిదని ఆ రాత్రికి నిద్రపోయాడు.

కాని సంతకమున్న కాగితాన్ని ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చింపరు. ఇదేమిటని అడగాలంటే రాతపూర్వకంగా అడగాలి. రాస్తే జవాబొస్తుంది, జవాబొస్తే మళ్లీ రాయాలి. అంతకన్నా గుట్టకు సర్వే మేకులు కొట్టడం తేలిక. నాలుగో రోజు పొద్దున్నే ఇంటాయన సత్తయ్య, తలకు చుట్టిన రుమాలు చేతిలోకి తీసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"సారూ, జెర మీ ఫ్యాక్టరీల అడిగి చెప్పుండ్రి. మా గుట్ట మీద ఎర్రజెండాలు గుచ్చిండ్రు. మా తమ్ముని నాలుగెకరాలు పోయినప్పుడు గూడ ముందుగాల గీ జెండాలే వచ్చినయ్. గుట్ట కింద నాకున్నది మూడెకరాలు. గది గూడ పోతె ఏం తినాలె?"

త్రినాథరావు తింటున్న ఇడ్లీ పళ్లెంలోనే వదిలేసి లేచాడు. సత్తయ్య మంచివాడు. కిరాయి కోసం ఒక్కనాడూ తలుపు తట్టలేదు. అతన్ని వెంటబెట్టుకుని గుట్టెక్కితే, పైన సర్వేయరు సత్తిబాబు గొలుసు పట్టించి కొలతలు తీస్తున్నాడు. చేతిలో ఊటీ ప్రతి.

"సారూ, గీ సున్నపు గీత ఏంది?" అని అడిగాడు సత్తయ్య.

"రైలు," అన్నాడు సత్తిబాబు.

"యాడికి పోతది?"

"ఎక్కడికీ పోదండి. గుట్ట చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చేస్తుంది."

"మరి ఎక్కుడెందుకు?"

"ప్రకృతి చూడ్డానికండి. టూరిజం అంటారు."

"నిలవడితె గూడ కనవడ్తనే ఉంది గదా," అని సత్తయ్య చుట్టూ చూశాడు.

సత్తిబాబు ఆ మాట వినిపించుకోకుండా త్రినాథరావు వైపు తిరిగాడు. "చూడండి గురువుగారూ, రెండు ఏనుగులన్నారు, వాటి దొడ్డి పొడవూ వెడల్పూ రాయలేదు. గీసినవాడెవడో గాని ఒట్టి తొందర మనిషి."

త్రినాథరావుకు కోపం నషాళానికంటింది. ఎనిమిదేళ్లుగా అక్కడా ఇక్కడా ప్లాన్లు గీస్తున్నా ఆయన్ని తొందర మనిషి అన్నవాడు లేడు. అది దొడ్డి కాదు, ఏడంగుళాల కొండపల్లి బొమ్మలని నోటిదాకా వచ్చింది. బెల్లం కొట్టు తలచుకుని మింగేశాడు.

ఆ వారమంతా ఆరు డిపార్ట్‌మెంట్లూ ఎవరి పని వారు చేశాయి. తోటల విభాగం గుట్ట మీద రెండొందల నీలగిరి మొక్కలు నాటితే, సత్తయ్య మేకలు నూటతొంభై తిన్నాయి. ఎన్నడూ గుట్టెక్కని ఫ్యాక్టరీ డాక్టరు, అక్కడి గాలి ఊపిరితిత్తులకు శ్రేష్ఠమని రాసిచ్చాడు. స్టోర్సు నుంచి ఒక మెమో వచ్చింది: "ఏనుగులు స్టాకులో లేవు. కొటేషన్లు పిలుస్తున్నాము. సైజు, రంగు తెలుపగలరు." గుట్ట కింద నాగయ్య తాటాకు పందిరేసి "ఊటీ హోటల్" అని బోర్డు పెట్టి చాయ్ అమ్మడం మొదలుపెట్టాడు. చాయ్ తాగే టూరిస్టులు ఇంకా రాలేదు గాని మేకులు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంట్లో కనకమహాలక్ష్మి రోజూ పొద్దున్నే ఒకటే పాట. "ఏవండీ, నా కొండేదండీ?"

"అప్రూవల్‌లో ఉంది."

"బొమ్మల కొలువుకు అప్రూవలేంటండీ, చోద్యం కాకపోతే!"

తప్పించుకోలేక ఆయన ఆమెకు జరిగిందంతా చెప్పేశాడు. ఎవరితోనూ అనొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఆమె ఎవరితోనూ అనలేదు. పెరటి గోడ అవతల బతుకమ్మకు తంగేడు పూలు ఏరుకుంటున్న సత్తయ్య భార్య కౌసల్యమ్మతో తప్ప.

ఈలోగా ఆరో ప్రతి జనరల్ మేనేజరు బల్ల మీదికి చేరింది. ఆయనది ముస్సోరీ దగ్గర ఊరు. ఈ బండల మధ్యకు బదిలీ అయి వచ్చిన రెండేళ్ల నుంచి మంచుకు మొహం వాచి ఉన్నాడు. షీటు చూడగానే కళ్లు మెరిశాయి. వెంటనే వెంకటేశ్వరరావును పిలిపించి, "ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగాడు. వెంకటేశ్వరరావు తన సంతకం చూసుకున్నాడు. సంతకం తనదైనప్పుడు ఆలోచన ఇంకెవరిదవుతుంది?

"మూడు నెలలుగా నా బుర్రలో ఇదే సార్," అన్నాడు.

బయటికొచ్చి త్రినాథరావును కేకేశాడు. "ఏమయ్యా, అసలు ట్రేసింగు మీద గీసినవారి గడి ఖాళీగా ఉందేం? నీ రాత బాగుంటుంది. నా పేరు రాసెయ్." త్రినాథరావు తన చేత్తోనే ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ పేరు రాశాడు. రాస్తుంటే భయం పోయి, చాలారోజుల తర్వాత ఆయనకు హాయిగా ఊపిరి ఆడింది. ఇక ఏం జరిగినా ఈ ఊటీకీ తనకూ సంబంధం లేదు.

కొలువు పెట్టే రోజు పొద్దున్నే జనరల్ మేనేజరు జీపులో గుట్ట దగ్గరికి వచ్చాడు. డ్రాయింగు విప్పి పట్టుకోవడానికి వెంకటేశ్వరరావు త్రినాథరావును వెంట తెచ్చాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. సత్తయ్య అందరికన్నా ముందు, ఇస్త్రీ ధోవతి కట్టుకుని నిలబడ్డాడు. ఎండ చుర్రుమంటోంది.

"ఎత్తెంత?" అన్నాడు జనరల్ మేనేజరు ఇంగ్లీషులో.

"నూట ముప్పై అడుగులు సార్."

ఆయన గుట్ట కొన వైపు చూశాడు. ముస్సోరీ ఆరువేల అడుగుల పైమాటే. "మొదట్లో అంతే చాల్లే," అని తనకు తనే సర్దిచెప్పుకుని, డ్రాయింగులో చెరువు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ తెలుగులో ఏం రాశారు?"

వెంకటేశ్వరరావు ఆ షీటును మొదటిసారి సరిగ్గా చూశాడు. "అద్దం అని రాసుంది సార్. అంటే... సరస్సు పేరు సార్. అద్దం లేక్."

"బహుత్ ఖూబ్! నీళ్లు అంత నిర్మలంగా ఉంటాయన్నమాట." ఆయన మురిసిపోయి, ఊరివాళ్లతో ఒక మాట మాట్లాడాలనిపించి సత్తయ్య వైపు తిరిగాడు. ఆ సరస్సుకు ఆ పేరు ఎప్పటినుంచి ఉందని హిందీలో అడిగాడు. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీర్లెవరికీ హిందీ రాదు. సత్తయ్యకు మాత్రం సంగారెడ్డి సంతలో ఎడ్లు బేరమాడి అబ్బిన ఉర్దూ దండిగా ఉంది.

"తాలాబ్ కహాఁ కా సాబ్! యే తో గుడియోఁ కా ఖేల్ హై," అన్నాడు. చెరువు లేదు పాడు లేదు, ఇది బొమ్మలాట అని. అక్కడితో ఆగితే బాగుండేది. భార్య చెప్పిందంతా ఆ భాషలోనే, మధ్యమధ్య బొమ్మల కొలువు, అద్దం, ఏనుగులు అన్న తెలుగు మాటలు దొర్లిస్తూ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మా ఇంట్లో కిరాయికున్న సారు గీశాడని, వాళ్లావిడ పండక్కి బొమ్మలు పెట్టుకుంటుందని, అద్దమంటే మొహం చూసుకునే అద్దమేనని, ఏనుగులు జానెడుంటాయని. చెప్పి, త్రినాథరావు భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. ఇది బొమ్మల ప్లానే గనక తన మూడెకరాలు దక్కినట్టేనని ఆయన మీద అతనికి ఎంతో ప్రేమ కలిగింది.

త్రినాథరావు ముక్కుకు ఎక్కడినుంచో బెల్లం వాసన తగిలింది.

జనరల్ మేనేజరు మెల్లగా వెంకటేశ్వరరావు వైపు తిరిగాడు. "ఇది బొమ్మల కోసం గీసిందా?"

వెంకటేశ్వరరావు షీటు వైపు చూశాడు. ఆమోదించినవారి గడిలో ఆయన సంతకం. గీసినవారి గడిలో ఆయన పేరు. బొమ్మల కొలువుకు ప్లాను గీసి, తానే ఆమోదించి, ఆరు డిపార్ట్‌మెంట్లకు పంపిన అధికారి దేశంలో తనొక్కడే అవుతాడు. అర నిమిషంలో ఆయన ఇరవై ఏళ్ల అనుభవం పనికొచ్చింది.

"అవును సార్. అంటే నమూనా సార్! గుట్ట మీద చెయ్యి పెట్టేముందు చిన్న నమూనా కట్టి చూడాలని నా ఉద్దేశం. ఈ త్రినాథరావు ఇంట్లో కట్టిస్తున్నాం. పాపం రైతుకు అది బొమ్మలాటలా కనిపించింది."

"మరి ఈ మేకులు?"

"నమూనాకు కొలతలు కావాలి కదా సార్."

జనరల్ మేనేజరు గడ్డం నిమురుకున్నాడు. "మంచి పద్ధతి. ముందు నమూనా పూర్తి కావాలి, అది చూశాకే గుట్ట సంగతి. ఎల్లుండి సాయంత్రం మా ఆవిడతో వచ్చి చూస్తాను."

జీపు కదలగానే వెంకటేశ్వరరావు త్రినాథరావు చొక్కా పట్టుకున్నాడు. "నీ కన్ఫర్మేషన్ కాగితం నా డ్రాయరులో ఉంది. ఎల్లుండికి నీ ఇంట్లో కొండ లేచిందా, దాని మీద సంతకం పెడతాను. లేవలేదా, నువ్వూ నేనూ కలిసి మీ ఊరి బండెక్కుదాం."

మధ్యాహ్నానికి సత్తయ్య వాకిట్లో లారీ ఆగింది. ఇటుకలు దిగాయి, కంకర దిగింది, పన్నెండు బస్తాల సిమెంటు దిగింది. సత్తిబాబు ఆరుగురు మేస్త్రీలతో ముందుగదిలోకి దూరాడు. కనకమహాలక్ష్మి బొమ్మల పెట్టె ఒళ్లో పెట్టుకుని తలుపు పక్క ఒదిగి నిలబడింది.

"ఏవండీ, నాలుగు తట్టల మట్టి చాలన్నాను కదండీ!"

"ఇక నా చేతుల్లో లేదే," అన్నాడు త్రినాథరావు. ఆ మాట అక్షరాలా నిజం.

రెండు రోజుల్లో కొండ లేచింది. ఏడడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, దూలానికి జానెడు కింద శిఖరం. లోపల ఇనుప చువ్వలు, పైన సిమెంటు, వెనక చిన్న మోటారు. ఇంకేమైనా అడిగితే ఇంకో లారీ దిగేట్టు ఉందని కనకమహాలక్ష్మి తన బొమ్మల దుమ్ము దులుపుకుంటూ కూర్చుంది. అనుకున్న సాయంత్రం జనరల్ మేనేజరు భార్యతో సహా వచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రైలు తిరిగింది. అద్దంలో బంగళాలు కనిపించాయి. కొండ వెనక దాక్కున్న నర్సింహ సాంబ్రాణి పొగ ఊదితే, శిఖరం మీద మంచు కమ్మినట్టయింది. జనరల్ మేనేజరు కళ్లు చెమర్చాయి. ఆయన భార్య మూడుసార్లు రైలు తిప్పించుకుంది.

పేరంటాళ్లు వీధి చివరిదాకా వరస కట్టారు. నాగరత్నం కూడా వచ్చింది. కొండను పైనుంచి కిందికి, కింద నుంచి పైకి చూసి, శనగలు తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆ రాత్రి కనకమహాలక్ష్మి ఏడాది తర్వాత మొదటిసారి భర్తకు అడగకుండానే రెండోసారి కాఫీ ఇచ్చింది.

నెలాఖరున త్రినాథరావు చేతికి సీలు వేసిన కవరు వచ్చింది. నిలబడ్డచోటే విప్పాడు. మొదటి పేరా చదవగానే ఆయన కుర్చీలో కూలబడి, పైకప్పు వైపు చూసి దండం పెట్టాడు. ఉద్యోగం ఖాయమైంది. రెండో పేరాకు దండం దించేశాడు. పర్వత విహార కేంద్రం నమూనా కంపెనీ ఆస్తి. దాని సంరక్షకుడు త్రినాథరావు. దాన్ని కదల్చరాదు, మార్చరాదు, కూల్చరాదు. సంరక్షకుడు నమూనా ఉన్న చోటే నివసించవలెను గనక క్వార్టరుకై ఆయన పెట్టుకున్న అర్జీ తిరస్కరించడమైనది.

కదల్చమన్నా దారి లేదు. గుమ్మం వెడల్పు రెండున్నర అడుగులు. మర్నాడు ఎవరో వచ్చి కొండ శిఖరం మీద తెల్లరంగుతో ఆస్తి నంబరు వేసి, ఇంటి గోడకు "కంపెనీ అనుమతి లేనిదే ప్రవేశం లేదు" అని రేకు బిగించి పోయారు. సాయంత్రం పొలం నుంచి వచ్చిన సత్తయ్య, కౌసల్యమ్మ చేత ఆ రేకు మీది మాటలు రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత తన ఇంటి అరుగు మీద తానే పరాయివాడిలా ఒక మూల కూర్చున్నాడు.

"సారూ," అన్నాడు. "గుట్ట గుంజుకుంటరని నిద్ర లేక సచ్చిన. గుట్ట ఆడనే ఉన్నది. ఇల్లు వాయె."

త్రినాథరావు తల వంచుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది, జాలేసింది, అంతకన్నా ఎక్కువగా ఇక ఎప్పటికీ తను ఈ ఇల్లు వదిలిపోలేనని దిగులేసింది. లోపల కనకమహాలక్ష్మి కొండకూ గోడకూ మధ్యనున్న అడుగున్నర సందులో పక్క ఎలా వేయాలా అని అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ ఏడాది ఫ్యాక్టరీ వార్షిక నివేదికలో, పర్యాటకాభివృద్ధి అన్న శీర్షిక కింద ఒకే ఒక్క వాక్యం అచ్చయింది: "పర్వత విహార కేంద్రం ఒకటి, అనుకున్న గడువుకు ముందే పూర్తయినది."